పై మడి నిండలే

మా పెద్దబాపు పోయిన మూడో రోజు ఆయన కొడుకు శేఖర్ ఫోన్ చేసిండు.

"అక్కా, పదకొండో దినానికి ఫ్లెక్సీ కొట్టిస్తున్నం. బాపు ఫొటో కింద రెండు లైన్లు మంచిగ రాసియ్యి. నువ్వు టీచరువు గద, నీకు మాటలొస్తయి."

నాకు మాటలొస్తయట! అది ఆ ఇంట్లకెల్లి ఇనాల్సి వచ్చింది నా ఖర్మకు. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వక "సూస్తలే తమ్మీ" అని ఫోన్ పెట్టేసిన.

రాద్దామనే కూసున్న, అబద్ధమెందుకు. పోయినోళ్ల మీద కోపం పెట్టుకోవద్దంటది మా అమ్మ. కాయితం ముంగటేసుకొని గంట సేపు పెన్ను కొరుక్కుంట కూసున్న. ఒక్క మంచి మాట రాలే. వచ్చిందంత కోపమే. అది ఫ్లెక్సీ మీద పట్టేటంత లేదు, అందుకే ఈడ రాస్తున్న.

ఆయన పేరు మాత్రం రాయ. పేరు రాస్తె బాన్సువాడల సగం మంది గుర్తుపట్టి "అయ్యో, ఎంత పద్ధతిగల్ల మనిషి" అంటరు. ఆ లొల్లి నాకొద్దు. మా బాపుకు సొంత అన్న, నిజాంసాగర్ కాలువ మీద లస్కరు. తూము షట్టరు ఎత్తుడు, దించుడు, ఎవరి వంతు ఎప్పుడో సూసి నీళ్లు ఇడుసుడు ఆయన పని. గింత తెలిస్తె సాలు.

ఆయనను తల్సుకుంటె నాకు మొదలు యాదికొచ్చేది మొకం కాదు, భుజం. ఆ భుజం మీద షట్టరు తిప్పే ఇనుప హ్యాండిలు ఉంటుండె. చెయ్యంత పొడుగు, రెండు దిక్కుల వంకర. తూము కాడ ఇడిసిపెడితె రైతులు వాళ్లే తిప్పుకుంటరని రోజు ఇంటికి మోసుకొచ్చేది. వచ్చి మంచం పక్కనున్న ఇనుప పెట్టెల పెట్టి తాళమేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకునేది. లంకెబిందెలు దాసినంత జాగ్రత్త. ఆ హ్యాండిలుకు, షట్టరుకు ఎప్పుడు గ్రీజు పూస్తనే ఉండాలె. ఆయన పక్కన కూసుంటె గ్రీజు వాసన, ఆయన తువ్వాల గ్రీజు, ఆయన తిన్న కంచం అంచు గ్రీజు. చేతులు తుడుసుకునేటందుకు ఇల్లంత కాయితాల కోసం దేవులాడేది. పాత పేపర్లు, క్యాలెండర్ కాయితాలు, ఆఖరికి ఇంటికొచ్చిన పెండ్లి పత్రికలు సుత. పెండ్లి ఎప్పుడు, యాడ అని ఎవరన్న సదివే లోపట్నే అది నల్లగై ఉండేది. పెద్దమ్మ మొత్తుకునేది. ఆయనకు ఇనపడితె గద.

ఇంకొకటి, నిండుడు. ఆ మనిషికి లోకంల ఏదైన నిండాలె. బస్టాండు కాడ హోటల్ల చాయ గ్లాసు అంచు దాక పొయ్యకపోతె "గిదేందిరా, నిండలే" అని ఎనకకు నూకేది. మనం బువ్వ తింటుంటె వచ్చి కంచంల తొంగి సూసి "కడుపు నిండిందా?" అని అడిగేది. ప్రేమతోని అనుకునేరు, కాదు. కాలువల మట్టం ఎంతుందని అడిగినట్టే అడిగేది. మనిషి కండ్లల్లకు సూసి మాట్లాడుడు ఆయనకు రాదు. నెత్తి మీదికెల్లి ఎనక గోడ దిక్కు సూసుకుంట మాట్లాడేది. ఇష్టం లేని మాట అడిగితె జవాబియ్యక గొంతు సవరిచ్చుకునేది, అంతే, మాట అయిపోయినట్టు.

బీర్కూర్ తొవ్వల మా తాత పొలం ఉండె. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు పై మడ్లు ఆయన తీసుకున్నడు, కింది మడ్లు మా బాపుకు ఇచ్చిండు. నీళ్లు పై మడికెల్లి కిందికి రావాలె. పై మడి నిండినంకనే కింది మడికి ఇడుస్తరు. నిండిందో లేదో చెప్పెటోడు ఎవరు? లస్కరు. లస్కరు ఎవరు? పై మడి ఆసామి. ఎట్లుంది ముచ్చట! ఎండకాలం పంటకు మా బాపు తువ్వాల సంకల పెట్టుకొని అన్న ముంగట నిలవడేది. "అన్నా, మన మడి నెర్రెలిచ్చింది." ఆయన మా బాపు నెత్తి మీదికెల్లి సూసుకుంట "పై మడి నిండలే" అనేది. మా బాపు ఇంటికొచ్చి "అన్న చెప్పిండు గద" అని అరుగు మీద కూసునేది. మా అమ్మ బీడీల చాట ముంగటేసుకొని ఆకులు కత్తిరిచ్చుకుంట పండ్లు కొరికేది.

గీ మనిషి చేతికి నా సదువు చిక్కింది.

నేను బాన్సువాడలనే డిగ్రీ చేసిన, తెలుగు మీడియం. ఎంబీఏ చెయ్యాలె, అది సుత పట్నంల పెద్ద క్యాంపస్ల, హాస్టల్ల ఉండి చెయ్యాలె అని నాకొక పిచ్చి. ఎంట్రెన్స్ రాయాలె. అండ్ల లెక్కలు, ఇంగ్లిష్ రెండు భాగాలు. నేను కోరుకున్న క్యాంపస్ల సీటు రావాల్నంటె రెండిట్లల్ల దేనికి దానికి ఇన్ని మార్కులని రావాలె. లెక్కల్ల నూటికి నూరొచ్చినా ఇంగ్లిష్ల తప్పితె లాభం లేదు. బాపు ఇంట్ల ముచ్చట పెడితె పెద్దబాపే తీర్పు చెప్పిండు: "ఒక్కపారి రాయనియ్యి. రాకపోతె ఇగ ఊకుంటది." అంటే నాకున్నది ఒక్కటే మోక. పోయిందంటె అమ్మ పక్కన చాట ముంగటేసుకొని కూసునుడే.

నా దోస్తు సరిత మహమ్మద్ నగర్ నుంచి రోజు బస్సుల కాలేజీకొచ్చేది. దాని అన్న పట్నంల ఉంటుండె. ఇద్దరికి రెండు జతల పుస్తకాలు తెచ్చిచ్చిండు, లెక్కలకు ఒకటి లావుది, ఇంగ్లిష్‌ది ఒకటి సన్నది. "నీకు లెక్కలు నడుస్తయే. ఇంగ్లిషే నీకు మొండి. దానికి ఎక్కువ టైం పెట్టు" అని సరిత చెప్పింది. నిజమే. లెక్కలు నాకు చిన్నప్పటిసంది ఎక్కుతయి. ఇంగ్లిష్ల ఒక పేరా సదివి ప్రశ్నల కాడికొచ్చేసరికి మొదలేం సదివిన్నో మర్సిపోతుంటి. అందుకే పొద్దున రెండు గంటలు లెక్కలు, పొద్దుమూకి మూడు గంటలు ఇంగ్లిష్ అని టైంటేబుల్ రాసి గోడకు అతికిచ్చిన. ఆ తెల్లారి డిగ్రీ పరీక్షలైపోయినయి, సరిత కోచింగుకని పట్నం పోయింది. 

వారం గడువకముందే పెద్దబాపు వచ్చిండు. హ్యాండిలు భుజం మీదనే ఉంది. గోడ మీది కాయితం సూసిండు.

"గిదేంది?"

"టైంటేబుల్ పెద్దబాపు."

"లెక్కలకు రెండు, ఇంగ్లిష్‌కు మూడా? ఇంగ్లిష్ల ఏముంటది?"

"మాటలుంటయి పెద్దబాపు. మాటలకు అర్థాలు, పేరాలు సదివి జవాబులు..."

"మాటలా?" అని నవ్విండు. ఆయన నవ్వుడు నేను సూసింది శానా తక్కువ, అందుల ఇదొకటి. "నోరున్నోళ్లందరు మాట్లాడుతలేరా? మాటలకు సదువెందుకే పిల్లా? ఇంజనీర్ సార్లను సూస్తున్న నేను ముప్పై ఏండ్ల సంది. కాలువ నడిచేది లెక్కల మీద. మాటల మీద కాదు."

"నాకు ఇంగ్లిషే రాదు పెద్దబాపు. ఎండిన మడికే గద ముందుగాల నీళ్లియ్యాలె?"

నేనన్నది తెలివైన మాటే అనుకున్న. ఆయన గొంతు సవరిచ్చుకున్నడు. "ఎండిన మడి యాడికి పోతది? గాడనే ఉంటది. పై మడి నిండాలె ముందు" అని సన్నపుస్తకం చేతులకు తీసుకున్నడు. నా కండ్ల ముంగట్నే సంకల పెట్టుకొని పోయి ఇనుప పెట్టెల హ్యాండిలు పక్కన పడేసి తాళమేసిండు. "మాటల పుస్తకం నా దగ్గరుంటది. లెక్కలు నిండినప్పుడల్ల ఇడుస్త."

బాపు దిక్కు సూసిన. "అన్న చెప్పిండు గద బిడ్డా" అన్నడు. ఇంకో పుస్తకం తెప్పియ్యి అంటె గుండెల మీద చెయ్యేసుకున్నడు. "అన్న కాడ ఉండంగ మల్ల కొంటె ఆయన మొకం మీద కొట్టినట్టు గాదా?" ఇంట్ల ఉన్నది ఒక్కటే బటన్ల ఫోను, అండ్ల ఏం సదువుకోవాలె? 

మరి లెక్కలు నిండినయని ఆయనకెట్ల తెలవాలె? ఏడో తరగతి దాటని మనిషి. నేను చేసిన లెక్క తప్పో ఒప్పో సూసుడు ఆయన తరమా? కాని ఆయనకు ఫికర్ లేదు. కాలువల నీళ్లు కొలిచే గేజు లెక్క ఒక వెదురు కట్టె చెక్కిండు. దాని మీద కత్తితోని గీతలు గీసిండు. నేను లెక్కలు చేసిన కాయితాలన్ని దొంతి పెట్టాలె. ఆదివారం పొద్దున ఆయన వచ్చి దొంతి పక్కన కట్టె నిలవెట్టి సూస్తడు. ఏలు మందం ఉంటె ఒక గీత. గీతకొక గంట మాటల పుస్తకం. సదువును కట్టెతోని కొలిచిన మనిషి ఇంకొకడుంటడా ఈ భూమ్మీద! మా ఇంట్లనే పుట్టాల్నా!

నేనేం తక్కువ తిన్న? మొదటి వారం నిజంగనే రాసిన. జిరాక్స్ షాపుల పారేసిన కాయితాలు తెచ్చి ఎనక దిక్కు రాసేది. ఏలు మందం కావాల్నంటె చెయ్యి పడిపోయింది. రెండో వారంకెల్లి తెలివి నేర్చిన. ఒక్కొక్క కాయితాన్ని పిసికి, మల్ల సాపు చేసి దొంతిల పెట్టిన. దొంతి ఉబ్బింది. అంకెలు గుమ్మడికాయలంత రాసిన. చేసిన లెక్కనే మల్ల చేసిన. పెద్దబాపు కట్టె నిలవెట్టి, వంగి, ఒక కన్ను మూసి సూసి "నిండింది" అన్నడు. అమ్మ చాట ఎనక మొకం దాసుకొని నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నాకు ఇష్టం.

అట్ల రెండు పార్లు ఇచ్చిండు పుస్తకం. ఇచ్చి ఊకుంటడా, ఎదురుంగ మంచం మీద కూసునేది. "మాటల పుస్తకమైతె నోరు మెదపవేంది?" అనేది. గంట కాంగనే చెయ్యి సాపేది. పేరా నడుమల ఉన్నా సరే. ఆ రెండు గంటలు, గుంజుకపోకముందు సదివింది కలిపి నేను నలభై రెండు పేజీలు సదివిన. తెల్వని మాటల కింద పెన్సిల్‌తోని గీతలు గీసుకున్న. ఇట్ల ఇంకో ఆరేడు గంటలు దొరికితె గట్టెక్కుత అనిపిచ్చింది. పేరాలు పట్టు దొరుకుతున్నయి.

మూడో ఆదివారం దొంతి ఏలు మందం దాటింది. పెద్దబాపు కట్టె నిలవెట్టిండు. గోడ దిక్కు సూసిండు. "రెండు ఏళ్ల మందం కావాలె" అన్నడు.

"మొన్న ఒక్క ఏలే అన్నవు గద పెద్దబాపు?"

గొంతు సవరిచ్చుకొని ఎల్లిపోయిండు. నాలుగో ఆదివారం రెండేళ్ల మందం చేసిన. అప్పుడు కట్టె మీద కొత్త గీత గీసి ఉంది. మూడు ఏళ్ల మందం. ఆ గీత తెల్లగ, పచ్చిగ ఉంది, పొద్దుగాలనే గీసినట్టు. కాయితాలు ఉబ్బిచ్చిన సంగతి ఈయనకు తెలిసిపోయింది, నా దొంగతనానికి శిక్ష ఏస్తుండు అనుకున్న. ఎవరికి చెప్పుకోవాలె? తప్పు నాదే గద. పిసుకుడు బందువెట్టి నిజమైన లెక్కలే చేసిన, పొద్దున పొద్దుమూకి. చెయ్యి వాసింది. పుస్తకం రాలే.

ఇంకో పది రోజులల్ల పరీక్ష అనంగ ఇగ ఓపిక పట్టలేక కాలువ కట్టకు పోయిన. ఎండకాలం పంటకు ఆఖరి తడి నడుస్తుంది. తూము కాడ కింది మడ్ల రైతులు నలుగురైదుగురు నిలవడ్డరు. అండ్ల మా బాపు సుత ఉండు, చెప్పులు చేతుల పట్టుకొని. పెద్దబాపు హ్యాండిలు తిప్పి షట్టరు దించుతుండు, అంటే నీళ్లు బందు.

"అన్నా, ఒక్క పూట ఇడువు. పొట్ట మీదుంది పంట" అంటుండు బాపు.

"పై మడి నిండలే."

అందరి ముంగటనే అడిగిన. "పెద్దబాపు, నా పుస్తకం నాకియ్యి. పది రోజులే ఉన్నయి."

ఆయన హ్యాండిలు ఊడదీసిండు. రుమాల్లకెల్లి ఒక కాయితం తీసి చేతులు తుడుసుకున్నడు. నిమ్మళంగ, ఒక్కొక్క ఏలు. నల్లగైన కాయితాన్ని ఉండ చేసి కాలువల ఏసిండు. అది తేలుకుంట పోయింది. నేను దాని దిక్కు సూడలే. ఆయన మొకం దిక్కు సూస్తున్న, ఆయన నా నెత్తి మీదికెల్లి దూరంగ యాడనో సూస్తుండు.

"లెక్కలు నిండలే" అన్నడు.

"నిండినయి! కట్టె తెచ్చి సూడు. గీత నువ్వే పెంచుతున్నవు!"

రైతులు నవ్విన్రు. మా బాపు నా రెక్క పట్టుకున్నడు. "పెద్దోళ్లతోని గట్ల మాట్లాడతరా? నడువు ఇంటికి." తొవ్వ పొడుగున నేను ఏడ్సిన. పక్కకు కింది మడి నెర్రెలు పెట్టి ఉంది.

పరీక్ష రోజు పొద్దున బస్టాండుకొచ్చిండు, ఎవరు పిలువకున్న. నిజామాబాదు బస్సు ఎక్కబోతుంటె చాయ గ్లాసు తెచ్చి చేతుల పెట్టిండు. అంచు దాక నిండి ఉంది, ఏలు మీద పడి కాలింది. "లెక్కలు ముందుగాల రాయి" అన్నడు. ఇంకేదో అనబోయి గొంతు సవరిచ్చుకున్నడు. పెద్దరికం సూపియ్యనీకొచ్చిండు అనుకున్న. చాయ తాగలే, గ్లాసు అరుగు మీద పెట్టి బస్సెక్కిన.

లెక్కలల్ల మంచి మార్కులొచ్చినయి. ఇంగ్లిష్ల నాలుగు మార్కులు తక్కువైనయి. నాలుగే. సరితకు రెండిట్లల్ల సరిపోయినయి. అది క్యాంపస్‌ల చేరి హాస్టల్ గది కిటికీ గురించి ఫోన్ల చెప్తుంటె నేను అమ్మ పక్కన కూసొని బీడీలకు దారం చుట్టుకుంట ఊ కొట్టిన. ఊ కొట్టుడు తగ్గింది, ఫోన్లు సుత తగ్గినయి. ఏడాది చాట పట్టిన. తర్వాత ఏడ్సి, మొత్తుకొని, బీఈడీ చేసి, ఇక్కడనే ప్రైవేటు బడిల చేరిన. లెక్కల మేడం అంటరు నన్ను.

నాకు మంటెక్కేది ఏందంటె, ఊరంత దాన్ని ఆయన గొప్ప కింద కట్టింది. బస్టాండు హోటల్ల కూసొని "మా పోరికి లెక్కలు నేనే పట్టిచ్చిన. కట్టె పెట్టి కొలిచేది" అని చెప్తుండె. నేను ఆ తొవ్వకే పోవుడు మానుకున్న. బడికి చుట్టు తిరిగి పోయేది. పండుగలకు ఎదురైతె ఆయన నా నెత్తి మీదికెల్లి సూసేది, నేను నేల సూసేది. ఎనిమిదేండ్లు గట్లనే నడిచింది. ఆ ఎనిమిదేండ్లు నేను ఆయననే కాదు, నన్ను సుత తిట్టుకున్న. నేను కాయితాలు ఉబ్బియ్యకపోతె ఆయన గీత పెంచకపోతుండె, నా సీటు నేనే పోగొట్టుకున్న అని. 

ఆయన పోయిన తొమ్మిదో రోజు పెద్దమ్మను సూడనీకి బాపుతోని పోయిన. మేం కూసున్న కొంచెం సేపటికి కొత్త లస్కరు వచ్చిండు. "పెద్దమ్మా, మా దగ్గరున్న హ్యాండిలు అరిగిపోయింది. పెద్దాయన కాడ పాతదొకటి ఉందన్నరు. కాలువ ఇడుస్తున్నరు, జెర ఇస్తరా?" అని అడిగిండు. నౌకరి దిగి ఇన్నేండ్లాయె, హ్యాండిలు ఇంక పెట్టెలనే పెట్టుకున్నడు సూడు!

పెద్దమ్మ కొంగు ముడి ఇప్పి తాళంచెవి ఇచ్చింది. శేఖర్ పెట్టె తెరిచిండు. గ్రీజు వాసన గుప్పున వచ్చింది. హ్యాండిలు తీస్తె దాని కింద కట్టె, గీతలున్న కట్టె. కట్టె కింద నా పుస్తకం.

చేతులకు తీసుకున్న. అట్ట ఉంది. మొదటి పేజీ ఉంది. నా పెన్సిల్ గీతలున్నయి. నలభై, నలభై ఒకటి, నలభై రెండు. ఇంకో పది పేజీలున్నయేమో. దాని తర్వాత ఏం లేదు. ఎనక నుంచి బరబర సింపిన అంచులు, నల్లటి గ్రీజు ఏళ్ల ముద్రలు.

"అగ్గో, ఇంక ఉన్నదా అది? పారేసిండనుకున్న" అన్నది పెద్దమ్మ. అని నాలుక కర్సుకుంది.

"ఎప్పుడు సింపిండు పెద్దమ్మా?"

పెద్దమ్మ నా మొకం సూసి ఏడుపందుకుంది. "నీ పరీక్ష ముంగటనే బిడ్డా, నెల ముందు. షట్టరు ఇరికిందని గ్రీజు పూస్కుంట కూసొని, చేతికందింది అందినట్టు సింపి తుడిసిండు. సగం అయినంక సూస్కున్నడు. 'అరెరె, పోరి మాటల పుస్తకం గద' అన్నడు. పోయి చెప్పయ్యా, పట్నంకెల్లి కొత్తది తెప్పియ్యయ్యా అన్న. 'ఆడిపోరి ముంగట నేను తల దించాల్నా? లెక్కలు నిండలేదంటె అయిపాయె' అన్నడు. సింపింది సింపిండు, మిగిలింది సుత గట్లనే వాడుకుంట పోయిండు. నాతోని ఒట్టేయిచ్చుకున్నడు బిడ్డా, నేనేం జెయ్య?"

అంటే గీత అందుకు పెరిగింది! నేను ఉబ్బిచ్చిన కాయితాలు ఆయనకు ఎన్నడు తెల్వనే తెల్వదు. తూము కాడ నేను పుస్తకం అడుగుతుంటె, ఆయన ఏళ్లు తుడుసుకొని కాలువల ఏసిన కాయితం నా పుస్తకానిదే. నా కండ్ల ముంగటనే తేలుకుంట పోయింది. పరీక్ష పొద్దున గ్లాసు నిండ చాయ తెచ్చింది అందుకు. ఒక్క మాట, "సింపిన బిడ్డా, తప్పయింది" అని ఒక్క మాట అంటె పది రోజులున్నయి నాకు, సరిత వాళ్ల అన్నకు ఫోన్ చేస్తె రెండో రోజు పుస్తకం బస్సుల వచ్చేది. నాలుగు మార్కులకు పది రోజులు సాలవా? ఆ ఒక్క మాట నోట్లకెల్లి రాలే. నోరున్నోళ్లందరు మాట్లాడతరని నాకు చెప్పిన మనిషి!

తూ, పాడు మనిషి. సచ్చినోన్ని తిట్టొద్దంటె నేనెట్ల బతకాలె? సూడకుంట సింపిండంటె మాఫ్ చేస్తుంటి, దేవుడి మీద ఒట్టు. సింపినంక, నన్ను నెలంత గుడ్డిదాని లెక్క లెక్కలు చేపిచ్చిండు సూడు, దానికి మాఫీ లేదు.

కొత్త లస్కరు హ్యాండిలు పట్టుకొని చప్పుడు చెయ్యకుంట ఎల్లిపోయిండు. మా బాపు గడప మీద కూసున్నడు. పెట్టెలకెల్లి కట్టె తీసి చేతుల తిప్పి తిప్పి సూస్తుండు. గీతల మీద ఏలు పెట్టి రాస్తుండు.

"ఇన్నేండ్లల్ల పై మడి నిండిందో లేదో నేను ఒక్కనాడు కాలువ కట్ట ఎక్కి సూడలే బిడ్డా. అన్న చెప్పిండు గద అనుకున్న."

బాపు మొకం సూడలేకపోయిన.

అప్పుడే శేఖర్ ఫోను మోగింది. ఫ్లెక్సీ ప్రింటింగాయన. శేఖర్ ఫోను చేతుల పట్టుకొని నా దిక్కు సూసిండు, పాపం వానికి సుత మొకం చెల్లుతలేదు. "అక్కా... ఆయన లైన్లు అడుగుతుండు. ఏమన్న రెండు మాటలు..."

పుస్తకాన్ని కొంగుల చుట్టుకొని లేసిన.

"మాటల పుస్తకం మీ బాపు సింపిండు తమ్మీ. నాకు లెక్కలే వస్తయి. పుట్టిన తారీకు, పోయిన తారీకు, రెండు రాయమను. నడుమ జాగ అట్లనే ఇడిసిపెట్టమను. నిండకున్న ఏం కాదు."